రిడండెంట్ అనే మాట

ఎదురు ఫ్లాట్‌లో ఉండే తెలుగమ్మాయి మొన్న ఫోన్ పట్టుకొచ్చి, ఆఫీసువాళ్ళు తనను ఉద్యోగంలోంచి తీసేస్తూ పంపిన ఉత్తరం చూపించినప్పుడు, అందులో ‘రిడండెంట్’ అన్న మాట మీద చూపు పడగానే నా ఒళ్ళు మండిపోయింది. కొన్ని మాటల మీద కోపం ఏళ్ళు గడిచినా చల్లారదని మన ఈడు వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

షార్జాలో ఇంగ్లీషు పాఠాలు చెబుతూనే ముసలిదాన్నయ్యాను. మాటను విప్పి లోపలి లాటిన్ వేరు చూపించడమంటే నాకు మహా సరదా. కరోనా వచ్చిన ఏడు బడి మూతపడి పాఠాలు కంప్యూటర్లకెక్కాక, మా ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, ఆయాలను పంపించేయడానికి రాసిన ఉత్తరంలో తప్పులు దిద్దిపెట్టమన్నాడు. దిద్దాను. ఎందుకు పంపుతున్నారని అడగలేదు, కామాలు సరిచేశాను. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

రెండు రోజులకు మా తరగతుల ఆయా, అమలాపురం వైపు మనిషి, పద్నాలుగేళ్ళుగా మా బడి పిల్లల ముక్కులు తుడిచిన మనిషి, షార్జాలోనే రోలా పేటలో ఉన్న మా ఇంటికొచ్చి ఆ కాగితాన్నే నా చేతిలో పెట్టింది. పని పోయిందని ఆమెకు తెలుసు. సూపర్‌వైజర్ ‘ఖలాస్’ అని ఊరుకున్నాడట. కాగితంలోని ఆ ఒక్క మాటకు మాత్రం ఎవరూ అర్థం చెప్పలేదట. నా బుద్ధి చూడండి, అలవాటు కొద్దీ పాఠం మొదలుపెట్టాను. లాటిన్‌లో ‘ఉండా’ అంటే అల అనీ, పొంగి గట్టు దాటి పొర్లిపోయే నీరన్నది ఆ మాటకు మొదటి అర్థమనీ, అక్కణ్ణించే అవసరానికి మించినది, అక్కర్లేనిది అన్న అర్థం వచ్చిందనీ చెప్పాను.

ఆమె కాగితంలో ఆ మాట మీద వేలు పెట్టింది.

“వరద నీరు పిలవకుండా వత్తాదండి టీచరుగారూ. నన్ను ఆళ్ళే వీసా ఇచ్చి పిలిచారండి.”

మర్నాడు ప్రిన్సిపాల్ దగ్గరికెళ్ళి, పిల్లలు బడికి రావడంలేదు కనుక పంపుతున్నామని ఉన్నమాట రాయండి, ఆ మనిషిని అక్కర్లేనిదానివని అనకండి అన్నాను. చట్టం ప్రకారం అదే సరైన మాటట. పద్నాలుగేళ్ళలో ఒక్కరోజైనా ఆమె మీకు ఎక్కువైందా అని గొంతు పెంచి అడిగాను. ఆయన గడియారం చూసుకున్నాడు. ఉత్తరం మారలేదు, ఆమె ఆ వారమే, కరోనాలో మనవాళ్ళను ఇళ్ళకు చేర్చడానికి వేసిన ప్రత్యేక విమానంలో వెళ్ళిపోయింది. బడి మళ్ళీ తెరిచిన రోజున అదే తరగతుల్లో అదే పనికి కొత్త ఆయా కనిపించింది. ఆ సాయంత్రమే రాజీనామా ఇచ్చాను, అప్పటికి ఎవరికి ఉపయోగం?

మన రోజుల్లో మనిషిని పనిలోంచి తీసేసేవాడు ఎదురుగా నిలబడి చెప్పేవాడు, తిడితే పడేవాడు. ఆపాటి మొహమాటం కూడా ఇప్పుడు అక్కర్లేదు. నునుపైన మాటలు దొరికాయి, వాటిని దిద్దిపెట్టడానికి నాలాంటి చదువుకున్నవాళ్ళమూ దొరికాం.