దువ్వెన బాబాయి కంచె అవతల పారేసినవి

నాకు ఊహ తెలిసేసరికే మా బాబాయి తలమీద ఒక్క వెంట్రుక లేదు. అయినా బళ్ళో పిల్లలందరూ ఆయన్ని ‘దువ్వెన’ అనే పిలిచేవారు. పొద్దున్నే ఇనుప పళ్ళున్న పొడుగాటి కర్ర పట్టుకుని ఆటస్థలంలో గడ్డినంతా ఒకే వైపుకి దువ్వేవాడు మరి! ఆ పేరు వింటే ఆయనకి కోపం రాదు సరికదా, నున్నటి తల ఒకసారి నిమురుకుని, “దేవుడు నాకివ్వాల్సిన జుట్టంతా ఇక్కడ మొలిపించాడర్రా” అని నవ్వేవాడు.

ఆ బడి మైదానం చూసుకోవడమే ఆయన ఉద్యోగం. ఉద్యోగమని మనం అనుకోవాలి, ఆయనకి మాత్రం అది కన్నబిడ్డ. దాన్నిండా ఒకే ఒక్క రకం గడ్డి, గరిక. ఇంకే మొక్క తలెత్తినా ఆయన కంట్లో నలుసు పడ్డట్టే. పిన్ని వంటింట్లోంచి ఎత్తుకుపోయిన పాత కత్తితో మోకాళ్ళ మీద కూర్చుని, ఆ మొక్కని వేరుతో సహా పెకిలించి చొక్కా జేబులో వేసుకునేవాడు. జేబు నిండగానే వెనక వైపుకి వెళ్ళి కంచె అవతల దులిపి వచ్చేవాడు. ఇన్నేళ్ళలో ఆయన జేబులో మట్టి లేని చొక్కా నేను చూడలేదు.

“ఈ జేబులో నాలుగు గింజలు వేస్తే పంటొస్తుందండీ,” అనేది పిన్ని ఉతికేటప్పుడు.

పిన్నిదీ మట్టి కొలువే. మట్టి పరీక్షలు చేసే లాబ్‌లో, ఎక్కడెక్కడి నుంచో సంచుల్లో వచ్చిన మట్టిని ఆరబెట్టడం, జల్లెడ పట్టడం, నీళ్ళలో వేసి చూడటం ఆవిడ పని. ఆ ఇంట్లో ఇద్దరి గోళ్ళలోనూ మట్టే. అయినా మట్టి గురించి పిన్ని ఏం చెప్పినా బాబాయి చెవికెక్కదు. పెరటి చెట్టు వైద్యానికి పనికి రాదు కదా. “నేలన్నాక రకరకాల మొక్కలుండాలండీ, కాస్త వాటినీ బతకనివ్వండి,” అని ఆవిడంటే, “నీ మట్టి డబ్బాల్లో ఉంటుంది. నా మట్టి మీద పిల్లలు పరిగెడతారు. రెండూ ఒకటేనా?” అనేవాడు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

అలాంటి మైదానంలో నీళ్ళు నిలవడం మొదలైంది. ముందు ఒక మూల, తరవాత నట్టనడుమ. వాన వెలిసి రోజులు గడిచినా మడుగులు ఇంకేవి కావు. ఇంకాక నేల బండరాయి. బాబాయి ఊరుకుంటాడా? ఇంకా పొట్టిగా కత్తిరించాడు, చదునుగా ఉండాలని రోలర్ తొక్కించాడు.

“నీళ్ళు దిగట్లేదని ఇంకా అణగదొక్కుతారా ఎవరైనా?” అని పిన్ని నెత్తి కొట్టుకుంది.

చివరికి పరుగుపందెంలో ఒక పిల్ల ఆ బురదలో జారి చెయ్యి విరగ్గొట్టుకుంది. బడి కమిటీ వాళ్ళు కూర్చుని, ఈ గడ్డంతా పీకించేసి ప్లాస్టిక్ గడ్డి పరిపించాలన్నారు. ప్రిన్సిపాల్ మేడమ్ మంచావిడ. బాబాయిని పిలిచి నెమ్మదిగానే చెప్పింది. “మీకూ పని తగ్గుతుంది కదండీ. అప్పుడప్పుడు ఊడిస్తే చాలట.”

ఆ సాయంత్రం నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. బాబాయి చెప్పులు కూడా విప్పకుండా వంటింటి గడపలో నిలబడ్డాడు.

“ఊడవాలట. నా మైదానాన్ని ఊడవాలట నేను,” అన్నాడు. పిల్లల్ని నవ్వించడమే తప్ప ఏడవటం తెలీని మనిషి మట్టి చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు. పిన్ని కుర్చీ జరిపి కూర్చోబెట్టింది.

ఆ మర్నాడు పిన్ని నన్ను వెంటబెట్టుకుని బడికి వెళ్ళింది. మైదానం మధ్యలోంచి ఒక మట్టిపెళ్ళ, వెనక కంచె అవతల నుంచి ఒక మట్టిపెళ్ళ తెచ్చి కిటికీ గట్టు మీద ఆరబెట్టింది. బాగా ఎండాక భోజనాల బల్ల మీద రెండు గాజు గ్లాసుల్లో నీళ్ళు పోసి, రెండింటిలోనూ టీ వడకట్టే జల్లెడలు దించి, ఒక్కోదాన్లో ఒక్కో పెళ్ళ వేసింది. బాబాయి పేపరు అడ్డం పెట్టుకున్నాడు కానీ, చదివితే ఒట్టు.

మైదానం పెళ్ళ బుడగలు కక్కింది. అంచులు విరిగాయి. మేం టీ తాగేలోగా కరిగి, జల్లెడ కింద బురదై కూర్చుంది. రెండోది మాత్రం మడుగులో దిగిన గేదెలా హాయిగా ఉంది. నీళ్ళు కూడా రంగు మారలేదు.

“ఇదెక్కడిది?” పేపరు దించాడు బాబాయి.

“మీ కంచె అవతలిది.”

“అక్కడ ఎవడూ ఏమీ చెయ్యడే!”

“మీరే చేశారుగా. ఏళ్ళ తరబడి ఏరి ఏరి పారేసింది అక్కడికే. అవన్నీ చచ్చిపోయాయనుకున్నారా? గడ్డిచేమంతి, మూడాకుల తీగ, తుంగ, ఆ పొడుగు వేరు మొక్క, అన్నీ అక్కడే కాపురం పెట్టాయి.”

బాబాయి గ్లాసునే చూస్తున్నాడు. పిన్ని గొంతు తగ్గించింది.

“మీ గరిక మంచిదేనండీ. కానీ అంగుళం పెరగనివ్వరు, దాని వేళ్ళు పైపైనే ఆగిపోయాయి. అక్కడైతే ఒకదాని వేరు మేకులా లోతుకి దిగుతుంది, ఇంకోదాని వేళ్ళు దారాల్లా అల్లుకుంటాయి. వాటి చుట్టూ బూజూ వానపాములూ చేరి మట్టిని పలుకులు పలుకులుగా కడతాయి. ఆ పలుకుల సందుల్లోంచే నీళ్ళు దిగేది. ఒక్క గరికతో అంత పనీ అవ్వదు.”

ఆయన లేచి చెయ్యి కడుక్కున్నాడు. చేతికేమీ అంటలేదు, అయినా కడుక్కున్నాడు. తరవాత కంచె వెనక్కి వెళ్ళి పొద్దుగూకేదాకా అక్కడే కూర్చున్నాడని బడి కాపలా అతను చెప్పాడు.

కమిటీ మళ్ళీ కూర్చున్న రోజు పిన్ని వెళ్తానంది. బాబాయి వద్దన్నాడు. గ్లాసులు, జల్లెడలు, మళ్ళీ తెచ్చి ఎండబెట్టిన పెళ్ళలు తనే సంచిలో పట్టుకెళ్ళి అందరి ముందూ నీళ్ళలో వేశాడు. కంగారులో బల్లంతా తడిపాడట. “ఆ నేలని పాడు చేసింది వానలు కాదండీ, నా శ్రద్ధ,” అన్నాడట. “ఇదొక్క ఏడాదిలో అయ్యే పని కాదని మా ఆవిడ చెప్పింది. కొన్ని వానాకాలాలు ఆగండి. అప్పటికీ నీళ్ళు నిలిస్తే మీరు పరిచిన ప్లాస్టిక్కుని నేనే ఊడుస్తాను.”

ఆగారు. మర్నాటి నుంచి అదే కత్తి, అదే జేబు, దారి మాత్రం తిరగబడింది. కంచె అవతల నుంచి ఒక్కో మొక్కా వేరు చెదరకుండా తెచ్చి గరిక మధ్య నాటాడు. రోలర్‌ని షెడ్డులోకి తోసేశాడు. మొదటి వానాకాలం ఏ మార్పూ లేదు. గొడుగేసుకుని మడుగుల చుట్టూ తిరిగి, ముఖం మాడ్చుకుని ఇంటికొచ్చేవాడు. “మీరు ఇన్నేళ్ళు మొండికేస్తే నేను ఆగలేదా? నేలని కూడా కాస్త మొండికెయ్యనివ్వండి,” అని పిన్ని తల తుడిచేది. ఆ మరుసటేడు మడుగులు చిన్నవయ్యాయి. ఆ పై ఏడు, రాత్రంతా వాన కురిసిన నేల మీద పొద్దున్నే పిల్లలు బంతాట ఆడారు. ప్లాస్టిక్ ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

చూడటానికి మాత్రం మైదానం ఇదివరకటిలా లేదు. తలో ఎత్తు, తలో రంగు. దువ్వినా ఒక వైపుకి పడదు. మొన్న ఆటల పోటీలకి నేనూ పిన్నీ వెళ్ళాం. మా పక్కన నిలబడ్డ ఒక పెద్దమనిషి, కొత్తగా చేరిన పిల్లాడి తండ్రట, మొహం చిట్లించి, ఎవరో తెలీక మాతో ఉన్న బాబాయినే అడిగాడు.

“ఏమండీ, ఈ మైదానం చూసుకోడానికి మనిషెవరూ లేడా? ఇలా గాలికొదిలేశారేంటి?”

పిన్నికి ఒళ్ళు మండింది. నోరు తెరవబోతుంటే బాబాయి ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాడు.

“ఉన్నాడండీ,” అన్నాడు నున్నటి తల నిమురుకుంటూ. “ఇప్పుడిప్పుడే పని నేర్చుకుంటున్నాడు.”

ఇంటికి చేరేదాకా పిన్ని ఆ చెయ్యి వదల్లేదు.