గాడిదలు వేసిన రోడ్డు

కర్నూలులో మా మిల్లు రోడ్డును ఎవరు వేశారని అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్క గొప్పవాడిని చూపిస్తారు. పాతబస్తీ సాయిబులు నవాబుగారి ఏనుగులు నడిచిన దారి అంటారు. కచేరీ గుమాస్తాలు తెల్లదొర గొలుసు పట్టి కొలిపించాడంటారు. మిల్లు సావుకారైతే అంతా తన తాత ముందుచూపేనని చెప్పుకునేవాడు. ఆ తాత నెత్తిన గంప పెట్టుకుని ఇంటింటికీ బెల్లం అమ్మడం మా అత్త కళ్లారా చూసింది కాబట్టి, ఆయన ముందుచూపు గంప అంచు దాటిందని నేను నమ్మను.

మా అత్త చెప్పిన చరిత్ర వేరు. ఈ రోడ్డు వేసింది గాడిదలు. హంద్రీ ఒడ్డున చాకిరేవుకు మూటలు మోసుకుని పోయే గాడిదలు. దారి మధ్యలో ఏనుగంత నల్లబండ ఒకటి ఉండేది. గాడిదకు బండ ఎక్కవలసిన అవసరం ఏమిటి? చుట్టూ తిరిగి పోయింది. దాని వెనక మనుషులు తిరిగారు, మనుషుల వెనక బండ్లు తిరిగాయి. రైలు వచ్చాక ఆ బండ్ల వెంట పత్తి మిల్లు వచ్చింది, దాని పక్కన నూనె మిల్లు, వాటి వెంట మునిసిపాలిటీ వచ్చాయి. ఇంతమంది పెద్దలు గాడిద వెంట నడిచి, చివరికి పేరు మాత్రం నవాబుకు ఇచ్చారు.

నేను మిషను బడిలో మూడో తరగతి దాకా చదివాను. రాజులు బాటలు వేయించారు, చెట్లు నాటించారు అని పుస్తకంలో ఉండేది. మా బాట దగ్గర రాజు ఎవరూ తగల్లేదు. గాడిదలు మాత్రం నేను కాపురానికి వచ్చేనాటికి ఇంకా నడుస్తున్నాయి.

ఆ వంపు కడుపులో మా ఇల్లు. ఇంటి ముందు మామ తవ్విన బావి, దాని పక్కన కడప బండలు నిలబెట్టి కట్టిన నీళ్ల తొట్టి. అత్త పుట్టిల్లు కడప దిక్కు. ఆ దిక్కువాళ్లకు బండ పరవనిదే ఇల్లు ఇల్లు కాదు. గోడకు బండ, కప్పుకు బండ, కూర్చోడానికి బండ. ఆమె కాపురానికి వచ్చి మొదట చేయించింది ఆ తొట్టేనట. ఎద్దు తాగిన చోట మనిషి ఆగుతాడు, మనిషి ఆగిన చోట పొయ్యి మండుతుంది అని ఆమె లెక్క. నా మొగుడు పత్తి మిల్లులో పనిచేసి, ఊపిరి నిండా దూది నింపుకుని, దగ్గుతూ చాప మీద కూర్చున్నాక ఆ లెక్క ఎంత నిజమో నాకు తెలిసింది. అప్పటి నుంచి ఇల్లు నడిచింది నా జొన్నరొట్టెల పొయ్యి మీదే.

డోను దిక్కు నుంచి, కోయిలకుంట్ల దిక్కు నుంచి పత్తి బండ్లు ఎండకు భయపడి రాత్రిపూట నడిచేవి. తోలేవాళ్లు మొద్దునిద్ర పోయేవాళ్లు. వెల్దుర్తి దగ్గర కళ్లు మూసుకున్నవాడు మా తొట్టి దగ్గరే తెరిచేవాడు. హంద్రీ ఇసుకలో చక్రాలు లాగి లాగి వచ్చిన ఎడ్లు, ఎవరూ చెప్పకుండానే వంపు తిరిగి, తొట్టిలో మూతి పెట్టేవి. పెద్ద పెద్ద రైతులు, ఊళ్లో తలెత్తి నడిచేవాళ్లు, పత్తి కుక్కిన బోరెం మీద నోరు తెరుచుకుని గురక పెడుతూ ఎడ్లు తీసుకుపోయిన చోటికి పోవడం నేను రోజూ చూశాను. అందుకే వాళ్ల మీసాలకు నేనెప్పుడూ భయపడలేదు.

వంపుకు రెండు పక్కలా తుమ్మకంప. గంపెడు ఆశతో బండిని కొండలా నింపుకొచ్చిన వాళ్ల పత్తి ఆ కంపకు రాసుకునేది. మునిసిపాలిటీ సుంకపు గేటు పెట్టకముందే మా కంప సుంకం వసూలు చేసేది. ఎండ ఎక్కకముందే ముళ్ల నుంచి ఆ దూది ఏరి, గింజ తీసి, దాచేదాన్ని. ఇంట్లో ప్రతి బొంత లోపలా ఆ కంప పత్తే ఉంది. పేడ పిడకలయ్యేది. నా ఇంట్లో దండగ పోయింది నా మొగుడి దగ్గు ఒక్కటే.

ఇక రొట్టెల సంగతి. మాది సిలువ గుడికి పోయే ఇల్లు. గుడికి పోతే కులం పోతుందని పాదిరి చెప్పాడు గాని, ఆ మాట రైతులకు ఎవరూ చెప్పలేదు. మా తొట్టిలో వాళ్ల ఎడ్లు తాగవచ్చు, వాళ్లు తాగరాదు. అయితే కులం హంద్రీ ఇసుక దాటేదాకే గట్టిగా ఉంటుంది. అటుపైన ఆకలి. అప్పుడు వాళ్లొక ఉపాయం కనిపెట్టారు. రొట్టె, ఎర్రకారం తీసుకుని, రోడ్డుకు వీపు పెట్టి, తుమ్మకంప దిక్కు తిరిగి తినేవాళ్లు. ముఖం కనపడకపోతే కులం చెడదన్నమాట. దారిన పోయేవాళ్లకు వరసగా వీపులు మాత్రమే కనపడేవి. ఏ వీపు ఎవరిదో ఊరందరికీ తెలుసు. ఆ వీపులు కూడా మా బావిని చూడనట్టే కూర్చునేవి.

ఇట్లా గాడిదల పుణ్యమా అని బతుకుతుండగా, ఒకరోజు గొడుగు పట్టుకుని ఓవర్సీరు వచ్చాడు. వెంట ఎర్రకర్రలు, తెల్లకర్రలు పట్టుకున్న కూలీలు. బండ దగ్గర నిలబడి అటు ఒక కన్ను, ఇటు ఒక కన్ను పెట్టి చూసి, మొహం ముడుచుకున్నాడు.

"ఈ రోడ్డు ఎందుకింత వంకరగా ఉండాదమ్మే?" అన్నాడు.

"వేసినోళ్లు హంద్రీ కాడ ఉండారు సారూ, పోయి అడుగుపో," అన్నాను.

"ఎవరు?"

"రేవు కాడ మూటలు దించుకుని గడ్డి మేస్తాంటాయి."

ఆయనకు అర్థం కాలేదు. కూలీలకు అర్థమైంది, కర్రల చాటున నవ్వుకున్నారు.

సంగతి తర్వాత తెలిసింది. సావుకారు లారీ కొన్నాడు. లారీ వంపు తిరగడానికి కష్టపడుతోందట. కష్టపడేది లారీ గనుక మునిసిపాలిటీ కదిలింది. ఎడ్లు కష్టపడ్డ ఇన్నాళ్లూ కదలలేదు. బండను పేల్చి రోడ్డు నేరుగా వేస్తారు. మిగిలిపోయిన వంపు స్థలం పత్తి ఆరబోసుకోవడానికి సావుకారుకే ఇచ్చి, రోడ్డు పక్కన గోడ పెడతారు. అంటే గోడకు అవతల రోడ్డు, ఇవతల మేము. మాకు రాకపోకలకు వెనక సందు.

వంపు పోతే బండ్లు పోతాయి. బండ్లు పోతే పొయ్యి ఆరుతుంది. మా ఇంట్లో దీనికి మించిన లెక్క లేదు. నా మొగుడు దగ్గు మధ్యలో, "సావుకారు కాళ్లు పట్టుకుందామా?" అన్నాడు. అత్త తమలపాకు నములుతూ, "ఇన్నేండ్లు వాని మిల్లు నీ రొమ్ము పట్టుకునింది చాల్దా? కుచ్చో," అంది.

బండను పేల్చారు. మా అటక మీది కుండ ఒకటి పగిలింది. దానికి ఎవరూ జవాబుదారీ కాలేదు. కంప కొట్టేశారు. పని నడిచినన్నాళ్లూ బండ్లను ఇంకో దారిన మళ్లించారు. రోడ్డు దారం లాగినట్టు తయారైంది. ఓవర్సీరు సాయంత్రం పూట ఆ చివర నిలబడి ఈ చివర దాకా చూసుకుని, పెళ్లికూతురి తండ్రిలా మురిసిపోయేవాడు. గోడ కూడా లేచింది. దాని సున్నం ఇంకా ఆరకుండానే, రోడ్డు తెరవడానికి పెద్ద దొర వస్తున్నాడని తోరణాలు కట్టారు.

ఇంత ఏర్పాటు చేసినవాళ్లు ఒక్కటి మరిచారు. ఎడ్లకు ఎవరూ చెప్పలేదు.

ఆ రోజు తెల్లవారుజామున మొదటి బండి హంద్రీ ఎక్కింది. తోలేవాడు ఎప్పటిలా నిద్రలో ఉన్నాడు. ఎడ్లు ఎప్పటిలా వంపు దగ్గర తిరిగాయి. ముందు గోడ. గోడకు అవతల నీళ్ల వాసన. అవి అక్కడే నిలబడ్డాయి. వెనక బండి వచ్చి దాని పక్కన నిలబడింది. దాని వెనక ఇంకొకటి. పొద్దు పొడిచేసరికి గోడ పొడవునా ఎడ్లు, రోడ్డుకు అడ్డంగా బండ్ల తోకలు. కొన్ని ఎడ్లు కాడి మెడ మీద ఉండగానే పండుకున్నాయి. నేరుగా ఉన్న కొత్త రోడ్డు మీద పిల్లి కూడా దూరేటట్టు లేదు.

ఒక్కొక్కడే లేవసాగాడు. గోడకు ఇవతల మాకు మాటలన్నీ వినపడుతున్నాయి.

"ఈ గోడ యాడిదప్పా? పోయినతూరి లేదే."

"దావ తప్పినామేమో సూడు."

"నువ్వు తప్పుతావు గాని, నా ఎద్దు తప్పుతాదా? తొట్టి ఈడనే ఉండల్ల."

"తొట్టిని సావుకారు మింగినాడంట."

"అట్లయితే పత్తి నూనె మిల్లోని కాడికే తోలుదాం. ఆయప్పా గింజల కోసరం పత్తి కొంటాడు, ఆడ నీళ్ల గుంతన్నా ఉండాది."

ఆ ఆఖరి మాట సావుకారు చెవిన పడినట్టుంది. కాసేపటికి వెనక సందులో చెప్పుల చప్పుడు. జరీ తలపాగా, దొర కోసం వేసుకున్న కొత్త కోటు, కోటంతా చెమట. మా గుమ్మం ముందుకు ఆయన రావడం అదే మొదటిసారి. లోపలికి రాకుండా, బయట నిలబడకుండా, గడప దగ్గర కొంగ మాదిరి ఒంటికాలి మీద ఆగాడు.

"ఏమ్మే, దొర కారు వస్తాండాది. బిందెల్తో నీళ్లు తెచ్చి ఆ ఎడ్లకు పొయ్యండి. బిన్నా కానియ్యండి."

నేను రొట్టె తట్టడం ఆపలేదు. "ఎడ్లకు బిందె తెలీదు సామీ. తొట్టి తెలుసు."

"తొట్టి గోడకు ఈతట్టు ఉండాది గదా."

"గోడ మేము పెట్టలేదు గదా."

అత్త మంచం మీద నుంచి అందుకుంది. "అవి కడప బండలు నాయనా. ఊడదీస్తే ఊడొస్తాయి, నిలబెడితే నిలబడతాయి. నీ కూలోళ్లను పిలువు. తీసకపోయి నీ గోడకు ఆతట్టు, రోడ్డు పక్కన పెట్టిచ్చు. నీళ్లు నీ మిల్లు ఇంజను గొట్టంలోంచి రావల్ల. మా బావి నీళ్లు గోడ ఎగిరి రావు."

"సరే, సరే."

"ఇంకోటి," అన్నాను. "తొట్టి యాడుంటే నా పొయ్యి ఆడ. గోడ నీడన."

"నా గోడకు పొగ పట్టిపోదా?"

నేను పెనం మీది రొట్టె తిప్పాను. అవతల ఒక ఎద్దు గట్టిగా అరిచింది. నూనె మిల్లు దిక్కు బండి తిప్పమని ఎవడో కేకేస్తున్నాడు. సావుకారు కోటు గుండీ ఒకటి పెట్టుకుని, ఒకటి విప్పుకుని, "పెట్టుకో పో," అన్నాడు.

తోరణాలు కట్టడానికి వచ్చిన కూలీలే మా తొట్టి బండలు మోశారు. వాటి మధ్య ముందు బంకమట్టి మెత్తి, సున్నం తర్వాత చూద్దామన్నారు. ఆ సున్నం సంగతి ఇప్పటికీ చూడలేదు. ఇంజను గొట్టం నుంచి నీళ్లు పడ్డాయి. ఎడ్లు తాగుతూ ఉండగా దొర కారు వచ్చి ఆగింది. దొర దిగి, చాలాసేపు వాటిని చూసి, ఇదేమిటని అడిగాడట. ఓవర్సీరు రెప్ప వేయకుండా, మూగజీవాల దాహం తీర్చడానికి మునిసిపాలిటీ చేసిన వసతి అని చెప్పాడట. దొరకు కళ్లు చెమర్చాయి. రోడ్డును గురించి ఒక మాట, తొట్టిని గురించి పది మాటలు మాట్లాడి, సావుకారు మెడలో తన చేత్తో దండ వేశాడు. మా అత్త పుట్టింటి బండలకు దక్కిన ఆ మర్యాదను నేను గోడ నీడన కొత్త పొయ్యి ఊదుతూ చూశాను.

బండ్లు మళ్లీ ఆగాయి. రొట్టెలు మళ్లీ కాలాయి. కంప మాత్రం తిరిగి రాలేదు, దూది సుంకం పోయింది. ఆ లోటు నాకు ఇప్పటికీ లోటే.

కంప పోయాక మా రైతులకు పెద్ద చిక్కు వచ్చిపడింది. ఎటు తిరిగి తినాలి? ఒక రోజంతా రొట్టె చేతిలో పట్టుకుని దిక్కులు చూశారు. మరునాటికి సావుకారు గోడకు ఉపయోగం కనిపెట్టారు. దానికి ముఖం పెట్టి, రోడ్డుకు వీపు పెట్టి, వరసగా గొంతుక్కూర్చుని తిన్నారు. అంత ఖర్చుతో కట్టిన గోడ మరి ఏ పనికీ వచ్చినట్టు నేను చూడలేదు. పొగ కూడా పట్టింది.

యుద్ధం వచ్చింది. పెట్రోలు కరువై సావుకారు లారీ బొగ్గుల పొయ్యి వీపున కట్టుకుని, నా పొయ్యి కంటే ఎక్కువ పొగ వదులుతూ, దగ్గుతూ నడిచేది. మిల్లు గాలికి మొగుడు ఒక్కడే దగ్గాడనుకున్నాను, లారీ కూడా దగ్గింది. తొట్టి కోసం రోజూ బండ్లు పక్కకు ఒరిగి ఒరిగి నేరుగా వేసిన రోడ్డు అక్కడ మళ్లీ వంగింది. లారీ కూడా ఆ వంపు తిరిగే పోయింది. ఓవర్సీరు బదిలీ అయ్యేలోగా అది చూడవలసి వచ్చింది, పాపం. కొత్తగా వచ్చినాయన గొడుగు పట్టుకుని వచ్చి, "ఈ రోడ్డు ఎందుకింత వంకరగా ఉండాది?" అన్నాడు. ఈసారి నేను హంద్రీ దిక్కు చూపించలేదు. తొట్టిలో మూతి పెట్టినవాటిని చూపించాను.

స్వరాజ్యం వచ్చిన ఏడు మిల్లు మీద జెండా ఎత్తారు. మిఠాయి పంచారు. అందరూ అన్నదమ్ములని సావుకారు అదే కోటు వేసుకుని చెప్పాడు. ఆ మధ్యాహ్నం కోయిలకుంట్ల దిక్కు పెద్దరైతు ఒకాయన, ఎన్నో ఏళ్లుగా నాకు వీపుగా మాత్రమే తెలిసినవాడు, రొట్టె తింటూ తింటూ గోడ వదిలి రోడ్డు దిక్కు తిరిగి కూర్చున్నాడు. ఆయనకు ముక్కు ఉందని, ముక్కు మీద మశూచి మచ్చ ఉందని ఆనాడే చూశాను. రోడ్డంతా ఆయనను చూసింది. నా మొగుడు పొయ్యి పక్కన వేసుకున్న చాప మీద నుంచి లేచి కూర్చుని, "చూస్తివా, కాలం మారింది," అన్నాడు.

నేను ఆ రైతుకు ఇంకో రొట్టె వేస్తూ అడిగాను. "ఏమి పెద్దాయనా, ఈపొద్దు ఇటు తిరిగినావు?"

"గోడ కాల్తాండాదమ్మే," అన్నాడు. "ఎండ మొగానికి కొడ్తాండాది. ఇంత కారమెయ్యి."

వేశాను. మరుసటి రోజు మబ్బు పట్టింది. ఆయన మళ్లీ గోడ దిక్కే తిరిగాడు.