ట్రాక్టర్ వెనక పలక మీద తవిటమ్మ

బాంబూఫ్లాట్‌లో యువరాజ్ నడిపే చిన్న ట్రాక్టర్‌కి ముందు మట్టి ఎత్తే బకెట్ ఉంది. ఆ బకెట్‌కి తర్వాత ఇనప పంజా వచ్చింది. పంజా వచ్చాక వెనక తవిటమ్మ వచ్చింది.

తవిటమ్మ యువరాజ్‌కి మేనత్త. వాళ్ల ఇల్లు మా ఇంటికి దిగువనే, నా కిటికీలోంచి వాళ్ల వాకిలి మొత్తం కనిపిస్తుంది. ఆమె తండ్రి శ్రీకాకుళం ఒడ్డు నుంచి వలలతో సహా ఓడెక్కి ఈ దీవికి వచ్చినవాడు. పెద్దకొడుకు, అంటే యువరాజ్ తండ్రి అప్పలరాముడి తర్వాత పుట్టిన ఇద్దరూ దక్కలేదు. అందుకని ఈమె పుట్టగానే తల్లి చేటలో పెట్టి పక్కింటామెకి ఇచ్చేసి, గుప్పెడు తవుడు పోసి తిరిగి కొనుక్కుంది. కొనుక్కున్న పిల్ల బతికింది, ఏపుగా పెరిగింది. పెళ్లయిన ఏడాదికి మొగుడు "దీన్ని ఎక్కించుకుంటే నా పడవ మునిగిపోద్ది" అని నలుగురిలో నవ్వి, పుట్టింటి ముందు దించేసి వెళ్లాడు. మళ్లీ రాలేదు.

తర్వాత చాలా ఏళ్లు ఆమె చేపల బుట్టతో ఫెర్రీలో అవతలి ఒడ్డుకి దాటి డెలానీపూర్ క్వార్టర్స్ చుట్టూ తిరిగింది. ఫెర్రీలో ఆమె కూచోగానే కుర్రాళ్లు "అందరూ ఆ పక్కకి జరగండ్రా, దీదీ ఈ పక్కన కూచుంది" అని అరిచేవారు. "జరగండి నాయనా. మునిగితే ముందు తేలేది నానే" అని ఆమే నవ్వేది. మోకాళ్లు పోయాక బుట్ట దించేసింది. అప్పట్నుంచీ ఆ ఇంట్లో ఆమె తినే ప్రతి ముద్దా ఎవరో ఒకరికి కనిపిస్తూనే ఉండేది.

యువరాజ్ భార్య ప్రమోదది డిగ్లీపూర్. అక్కడ ఆమె తల్లికి పక్షవాతం వచ్చి మంచాన పడింది. "పిన్ని ఇక్కడ ఊరికే కూచుంటుంది. అక్కడ కూచుంటే మా అమ్మకి మంచినీళ్లయినా అందిస్తుంది కదా" అంది ప్రమోద. మాట పైకి న్యాయంగానే ఉంది. తవిటమ్మ మాత్రం గుమ్మం పట్టుకుని కూచుంది.

"నాను పుట్టిన గుమ్మమిది. ఇక్కడే పోతాను. ఎవరో ముసిల్దాని ఉచ్చగుడ్డలు ఉతకటానికి అంత దూరం ఎల్లను."

అప్పలరాముడు చుట్ట నోట్లోంచి తీయకుండానే చెప్పాడు. "వానలు తగ్గాక పంపేద్దాం."

ఆ వానల్లోనే తుఫాను గాలికి చెట్లు విపరీతంగా పడ్డాయి. తోటలవాళ్లు, ఇళ్లవాళ్లు మొద్దులు తీయమని యువరాజ్ కోసం వస్తున్నారు. ఉత్త బకెట్‌తో మట్టి ఎత్తొచ్చు గాని గుండ్రటి మొద్దు నిలవదు, దొర్లిపోతుంది. అందుకని వెల్డర్ మణికుమార్‌ని పిలిచి పంజా పెట్టించాడు. మణికుమార్ మూడు రోజులు వాకిట్లోనే పని చేశాడు. బకెట్ పై అంచు వంగిపోకుండా ముందు దళసరి రేకు అతికాడు. దాని మీద కీలు, కీలుకి వంపు తిరిగిన ఇనప వేళ్లు, ఆ వేళ్లని తెరిచి మూయటానికి ఒక హైడ్రాలిక్ జాకీ, అక్కణ్ణుంచి సీటు పక్కనున్న మీట దాకా రెండు నూనె పైపులు. మీట నొక్కితే మండపీత పట్టినట్టు పట్టేది.

మొదటి మొద్దుని పట్టింది, ఎత్తింది. మొద్దుతో పాటు ట్రాక్టర్ వెనక చక్రాలు కూడా నేల వదిలి లేచాయి.

"నేను చెప్పానా లేదా?" అన్నాడు మణికుమార్. "పంజా బరువు ముందు పెరిగింది. డ్రమ్ములో కాంక్రీట్ పోసి వెనక నాగలి తగిలించే ఆ రెండు ఇనప చేతులకీ తగిలించు. అప్పటిదాకా పెద్ద మొద్దులు ఎత్తకు భయ్యా."

"సిమెంటు ఎక్కడుంది? షిప్పు రావాలి కదా."

"రాళ్లు కట్టు, గట్టిగా."

అప్పలరాముడు అరుగు మీంచి లేచి వచ్చాడు. నడుం పడిపోయేదాకా తెరచాప పడవ మీద బతికినవాడు. "రాయి వంగుతాదేటి? గాలికి పడవ ఒరిగితే ఏటి చేస్తాం? ఓ మనిషి తాడు పట్టుకుని అవతలి అంచు దాటి యాలాడతాడు. ఎంత ఒరిగితే అంత వంగుతాడు. కొండవాలులో బండి పోయేటప్పుడు మనిషే కావాలి, రాయి కాదు."

"అరె చాచా, యే నావ్ నహీ హై. ఇది పడవ కాదు, ట్రాక్టర్."

అప్పటికే యువరాజ్ చూపు గుమ్మం వైపు తిరిగింది. తర్వాత అందరి చూపులూ తిరిగాయి. ప్రమోద కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తవిటమ్మకి అర్థమవటానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక ఆమె ముఖంలో నేను చూడబోయింది అవమానాన్ని. అక్కడ కనిపించింది అది కాదు.

"నాను కూకుంటే డిగ్లీపూర్ మాట మరి ఎత్తరా?" అని అడిగింది.

వెనక చేతుల మీద అడ్డంగా పలక వేసి వలతాడుతో కట్టారు. పట్టుకోవటానికి ఇంకో తాడు. మణికుమార్ సామాను సర్దుకుని, ఆ పలక వైపు చూడకుండా వెళ్లిపోయాడు.

వానలు తగ్గాయి. ఎవరూ ఆమెని ఎక్కడికీ పంపలేదు. పొద్దున్నే తలకి గుడ్డ చుట్టుకుని పలకెక్కి కూచునేది. ముందు మొద్దు లేస్తే వెనక్కి వంగేది, మొద్దు దిగితే నిటారుగా కూచునేది. చూసినవాళ్లు నవ్వేవాళ్లు, ఫోన్లలో తీసుకునేవాళ్లు. ప్రమోద ఆమె పళ్లెంలో అన్నం రెండోసారి వడ్డించటం ఆ ఇంట్లో అదే మొదలు. "తిను పిన్నీ, నువ్వు చిక్కితే మా బండి లేచిపోద్ది" అనేది. తవిటమ్మ తినేది. ఆకలి లేని పూట కూడా తినేది.

ఒకరోజు మా వాకిట్లో పడ్డ పనస చెట్టు తీయటానికి వచ్చినప్పుడు నేను మంచినీళ్లిచ్చాను. "కష్టం కదమ్మా?" అన్నాను.

"కష్టమేటి? పడవెక్కిన పేనానికల్లా వాటా ఉంటాది బాబూ. వలకో వాటా, పడవకో వాటా, మనిషికో వాటా. మా జాతిలో అది తప్పరు. నాకు డబ్బులొద్దు. ఆ గుమ్మమే నా వాటా అని అన్నతో అన్నాను. సరేలే అన్నాడు."

'సరేలే' అన్న ఆ మాటని ఆమె ఎంత భద్రంగా పలికిందో!

షిప్పు వచ్చింది. సిమెంటు బస్తాలు వాకిట్లో దించారు. వాటిని చూసిన రోజు ఆమె అన్నం దగ్గర ఎక్కువ సేపు కూచుంది. "డ్రమ్ము పోసినా ఎండాలి కదరా. ఎండినా దానికి వంగటం వస్తాదేటి?" అని యువరాజ్‌తో అంది. వాడు ఫోన్ చూసుకుంటున్నాడు.

మర్నాడు కొండవాలు తోటలో పెద్ద పడౌక్ చెట్టు మొద్దు. రెండు ముక్కలు కోసి తీయాల్సిందాన్ని యువరాజ్ ఒకేసారి పట్టాడు. దిగేటప్పుడు వెనక చక్రాలు లేచాయి. "వంగత్తా! వంగు!" అని అరిచాడు. ఆమె చిన్నప్పుడు పడవ మీద తండ్రి నేర్పినట్టే వంగింది. తాడు పట్టుకుని, కాళ్లు పలక కిందుగా తన్నిపెట్టి, ఒళ్లంతా వెనక్కి వేసింది. పడవైతే కింద నీళ్లుంటాయి. వాడు భయపడి మీట లాగాడు. పంజా తెరుచుకుంది, మొద్దు జారిపోయింది, లేచిన వెనక భాగం ఒక్కసారి కింద పడింది. పలకకీ, కింద ఉన్న మోడుకీ మధ్య ఆమె కుడి పాదం ఉండిపోయింది.

ఆస్పత్రిలో అడిగితే జెట్టీ మెట్ల మీద జారిపడిందని యువరాజ్ రాయించాడు. డాక్టరు నమ్మక ఆమెనే అడిగాడు. "మెట్లే బాబూ. పాకుడు పట్టి ఉన్నాయి" అంది. నేను పక్కనే ఉన్నాను. డాక్టరు వెళ్లాక యువరాజ్ చెయ్యి పట్టుకుని "చూసావురా, నీ మాట నిలబెట్టాను. నా మాట మీరు నిలబెట్టాల" అంది. వాడు "నువ్వు పడుకో అత్తా" అన్నాడు.

చీలమండ పైదాకా తీసేశారు.

ఇంటికి తెచ్చేసరికి ట్రాక్టర్ వెనక కాంక్రీట్ డ్రమ్ము వేలాడుతోంది. కూలివాళ్లు దానికి ఆమె పేరే పెట్టుకున్నారు. పని మొదలయ్యే ముందు "తవిటమ్మని తగిలించారా?" అని ఒకడంటే, "తగిలించాం, తిండి కూడా అడగట్లేదు" అని ఇంకొకడు. ఆమె అరుగు మీద కూచుని వినేది. మొదట్లో నవ్వబోయేది కూడా.

నెల తిరక్కుండానే ప్రమోద బట్టలు మూట కట్టింది. "అమ్మ దగ్గర చేసేది కూచుని చేసే పనే కదా. పిన్నికి కూచోటం బాగా వచ్చు."

తవిటమ్మ అన్న వైపు తిరిగింది. "అన్నా. వాటా అన్నాను, నువ్వు సరే అన్నావు."

అప్పలరాముడు చాలాసేపు చుట్ట వెలిగించాడు. "వాటా సముద్రంలో సేపలేటకి గాని, నేల మీద బండికి వాటాలేటే? ఊరోళ్లు నవ్వుతారు."

బస్సు ఎక్కించేటప్పుడు ఆమె తనంతట తను ఎక్కుతానంది. ఎక్కలేకపోయింది. యువరాజ్ చంకల కింద చేతులేసి ఎత్తాడు. "అబ్బ, ఎంత తేలికైపోయావత్తా!" అన్నాడు మెచ్చుకున్నట్టు.

డిగ్లీపూర్‌లో ఆమె ముసలామె మంచం పక్కన కూచుని నీళ్లిచ్చింది, గుడ్డలు ఉతికింది. మొన్నటి వానల్లో ముసలామె పోయింది. దినాలయ్యాక ఆ ఇంటివాళ్లు ఫోన్ చేశారు. యువరాజ్ మా గేటు ముందే నిలబడి మాట్లాడాడు.

"బండి పనిలో ఉంది భయ్యా, ఇప్పుడు రాలేను. అక్కడే ఎవరికైనా మనిషి కావాలేమో అడిగి చూడండి."

అటువైపు ఏదో అన్నారు. వాడు నవ్వాడు.

"లేదు లేదు, ఎక్కువేం తినదు ఇప్పుడు."