లిమా అవ్వకు చివరి స్నానం

సెతియు సముద్రతీరాన ఆ ఊళ్ళో చనిపోయిన ఆడవాళ్ళకు స్నానం చేయించేవాళ్ళు నలుగురు. పద్దెనిమిదేళ్ళుగా జైతొన్ వాళ్ళలో ఒకతె. మిగతా రోజుల్లో చేప అప్పడాలు ఎండబెట్టి అమ్మేది. నలుగురిలోకీ పెద్ద లిమా అవ్వ.

జైతొన్ కుడి కాలి మీద పొక్కు లేచింది. వారంలో అరచేయంత పుండయింది. అంచులు ఊదారంగు. దగ్గరి ఆసుపత్రిలో కుళ్ళిందని కోసి శుభ్రం చేశారు. కోసిన చోటినుంచి అది రెండింతలు పాకింది.

ఒక చావింట్లో, అందరి ముందూ, లిమా అవ్వ ఆమె చేతిలోని చెంబు లాక్కుంది.

“చీము కారే కాలేసుకుని వస్తావుటే? శవం కూడా ముక్కు మూసుకుంటుంది. ఇంకెప్పుడూ రాకు.”

“వస్తాను అవ్వా. నీకు నీళ్ళు పొయ్యడానికి వస్తాను.”

అవ్వకు అప్పటికే డెబ్బై తొమ్మిది. ఆమె పోయేలోగా పుండు మానాలి.

పట్నంలో చర్మం డాక్టరు పుండు చూసి పేగుల డాక్టరమ్మ దగ్గరికి పంపాడు. ఆమె కాలు చూసి కడుపు గురించి అడిగింది. ఏళ్ళ తరబడి నెత్తురు విరేచనాలని జైతొన్ మొదటిసారి ఒకరికి చెప్పింది. పేగుల్లో క్రోన్స్ అనే జబ్బు, దాని కోపమే కాలి మీద తేలింది, కత్తి తగిలితే పెరుగుతుంది, ఇక ఎవరినీ కోయనివ్వకు అంది డాక్టరమ్మ. క్షయ లేదని తేల్చుకుని, ఆ కోపాన్ని అణిచే బయోలాజిక్ మందు సెలైన్‌లా ఎక్కించడం మొదలుపెట్టారు. మొదట్లో దగ్గర దగ్గరగా, తర్వాత ఎనిమిది వారాలకోసారి. వెళ్ళినప్పుడల్లా, ఇంకెన్నాళ్ళని అడిగేది.

“ఏం తొందరక్కా, పెళ్ళుందా?” అంది నర్సు.

“చావుంది.”

ఏడో నెలకు పుండు మూసుకుంది. జల్లెడలాంటి మచ్చ మిగిలింది. చేతి తొడుగులు వేసుకుని పని చేసుకోవచ్చన్నారు. ఆపైన ప్రతి శుక్రవారం జైతొన్ లిమా అవ్వ గుమ్మం దగ్గర ఆగి ఒంట్లో ఎలా ఉందని అడిగేది. ఆ పలకరింపులో ప్రేమ లేదని ఇద్దరికీ తెలుసు.

మరో ఏడాదికి అవ్వ పోయిందని కబురొచ్చింది. జైతొన్ స్నానపు నీళ్ళలో కలపడానికి రేగాకులు, కర్పూరం తీసుకుని వెళ్ళింది. లుంగీ మోకాలిదాకా ఎగగట్టింది, మచ్చ కనపడేలా. ఎవరూ అడ్డు చెప్పలేదు.

అవ్వ ఎడమ రొమ్ము కింద పాత గుడ్డ అతుక్కుని ఉంది. తడిపి తీసింది. పుండు. ఏళ్ళనాటిది, ఎముకదాకా దిగింది. ఆ గుడ్డ కట్టుకునే అవ్వ ఊరి శవాలన్నీ కడిగింది.

మిగతా ఇద్దరూ జైతొన్ ముఖంలోకి చూశారు. శవం మీద చూసింది నోట పలకకూడదు. మొదటిరోజు ఆ నియమం నేర్పింది అవ్వే.

“పొయ్యండి,” అంది జైతొన్. ఎప్పటిలా మూడుసార్లతో ఆపలేదు. ఏడుసార్లు పోయించింది.

బయట అవ్వ కోడలు అడిగింది, అత్తయ్య ఒళ్ళు ఎలా ఉందని. జైతొన్ తొడుగులు ఒక్కో వేలూ మెల్లగా ఊడదీసింది. కోడలు ఏడుపు ఆపి చూస్తోంది.

“శుభ్రంగా ఉంది,” అంది చివరికి. “నేనే కడిగాను.”