నా మెటల్‌కి మొదటి అభిమాని

ఇంటి వెనకే మా మిరపచేను. సరిగ్గా కాయ పట్టే వేళకి బోరు ఎండిపోయింది. నేనేమో గిటారు గోలకి కంప్యూటర్ శబ్దాలు కలిపి మెటల్ పాటలు కడుతుంటాను. ఇంట్లో ఎవరికీ ఎక్కవు. ఈ సాయంత్రం, నిరుడు నీళ్లున్నప్పుడు రికార్డు చేసుకున్న మా బోరు మోటారు హోరుని కొత్త పాట అడుగున పెట్టి, స్పీకర్ల సౌండు పెంచాను. వసారాలో పడుకున్న నాన్న దిగ్గున లేచి, చెప్పులైనా వేసుకోకుండా చేలోకి పరుగెత్తాడు.

కాసేపటికి తిరిగొచ్చాడు.

"ఏరా, మోటారు నీళ్లు లాగిన చప్పుడైంది, విన్నావా?"

"అది నా పాట నాన్నా."

తువ్వాలుతో మొహం తుడుచుకుని నా పక్కన కూర్చున్నాడు.

"ఇంకోసారి పెట్టరా."

పెట్టాను. అయిపోయేదాకా చేనువైపే చూస్తూ విన్నాడు.

మీ పాటలకి ఇలాంటి అభిమాని ఎప్పుడైనా దొరికాడా? చెప్పండి. దొరక్కూడదనే నా కోరిక.