రెండు పొయ్యిల ఇల్లు

ఆయన్ని అందరూ టేపాయన అంటారు. టౌన్‌షిప్ ఆఫీసులో ఆయన ఉద్యోగానికి బారెడు పేరు ఒకటుంది గానీ, అది గుర్తింపు కార్డు మీద తప్ప ఎక్కడా వినపడదు. ఇరవై ఎనిమిదేళ్లుగా నడుముకి ఇనుప టేపు తగిలించుకుని ఇళ్లు కొలుస్తున్నాడు. గోడ ఎంత ఎత్తు లేచింది, కంచె రోడ్డుకి ఎంత దూరంలో ఉంది, చెప్పకుండా ఇంకో గది ఏమైనా వేశారా, ఇవన్నీ చూసి ఫారం నింపి సంతకం పెట్టడం ఆయన పని. మనిషి ముక్కుసూటి. ఎవరింటికెళ్లినా మంచినీళ్లు తప్ప ఏదీ పుచ్చుకోడు. అందుకే ఆయనంటే కొందరికి గౌరవం, చాలామందికి కడుపుమంట.

టౌన్‌షిప్ సంగతి కూడా కొంచెం చెప్పాలి. పెద్ద నగరానికి నలభై నిమిషాల దూరం. ఒకప్పుడు ఇక్కడంతా పొలాలే. పొలాలున్నవాళ్లు అమ్ముకుని నగరానికి పోయారు. నగరంలో బాగా సంపాదించినవాళ్లు ఇటొచ్చి, మాకు పల్లెటూరు కావాలన్నారు. ఇప్పుడిక్కడ పల్లెటూరిలా ఉండటానికి పడే పాట్లు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. రెండెకరాల కంటే తక్కువ స్థలంలో కొత్త ఇల్లు కట్టనివ్వరు. నక్షత్రాలు కనపడవని వీధిదీపాలు పెట్టనివ్వరు. మట్టిరోడ్డయితేనే అందమని తారు వేయనివ్వరు. ఆ మట్టిరోడ్డు మీద ఖరీదైన కార్లు కుదుపులకి గురికాకుండా వారానికోసారి చదును చేయడానికి మాత్రం ఒక యంత్రం, ఇద్దరు మనుషులు. ఆ ఇద్దరూ, స్కూల్లో వంట చేసే ఆవిడా, తోటపని చేసేవాళ్లూ, ఎవరూ ఇక్కడ కాపురం ఉండరు. ఉండాలంటే రెండెకరాలు ఎక్కణ్ణుంచి తెస్తారు? పొద్దున్నే బస్సులో దిగుతారు, సాయంత్రం బస్సెక్కుతారు. టేపాయన మాత్రం, తండ్రి అన్నీ అమ్మగా మిగిలిన అరెకరంలో, రూల్సు రాకముందు కట్టిన పెంకుటింట్లో ఉంటున్నాడు. అలాంటి పాత ఇళ్లు మొత్తం టౌన్‌షిప్‌లో ఏడున్నాయి.

రూల్సు పుస్తకం లావుగా ఉంటుంది గానీ, అసలు ప్రాణమంతా ఒక్క రూల్లో ఉంది. ఒక స్థలంలో ఒకటే ఇల్లుండాలి. మరి ఇల్లంటే ఏమిటి? తలుపులు లెక్కపెట్టాలా, మనుషుల్ని లెక్కపెట్టాలా? పెద్దలు చాలా తలలు బద్దలు కొట్టుకుని చివరికి తేల్చారు: పొయ్యి ఉన్న చోటు ఇల్లు. ఇరవై గదులున్నా ఒకే పొయ్యి ఉంటే అది ఒక ఇల్లు. రెండే గదులుండి రెండు పొయ్యిలుంటే అవి రెండిళ్లు. వేరు కుంపటి పెట్టుకున్నారని మనం మాటవరసకి అంటాం. వీళ్లు దాన్ని చట్టం చేసి కూర్చున్నారు.

పొయ్యి దాచడంలో ఆ టౌన్‌షిప్‌వాళ్లని మించినవాళ్లు లేరు. టేపాయన వస్తున్నాడని తెలియగానే ఈతకొలను పక్కన ఉన్న గదిలోంచి పొయ్యి మాయమయ్యేది. దాని స్థానంలో ఒక పూలకుండీ వచ్చి కూర్చునేది. టేపాయన పూలకుండీ వంక చూసేవాడు కాదు. కిటికీ దగ్గరికెళ్లి, పైచెక్క మీద వేలు పెట్టి రాసేవాడు. దుమ్మయితే పొడిగా వస్తుంది. వంట జరిగిన గదిలో అయితే వేలికి జిడ్డంటుకుంటుంది. ఇంటివాళ్లకి ఆ వేలు చూపించి ఫారం తీసేవాడు.

అలాగే మూడు నెలల కిందట గుర్రాలాయన ఇంట్లో పట్టుకున్నాడు. గుర్రాలాయనకి ఆరెకరాలు, తొమ్మిది గుర్రాలు. గుర్రపుశాల మీద ఒక చిన్న గది ఉంది. అందులో గుర్రాల పనివాడూ, అతని భార్యా ఉంటున్నారు. కిటికీ చెక్కకి జిడ్డుంది. టేపాయన ఫారం మీద రెండు అని రాశాడు. పొయ్యి తీసేశాక ఆ ఇద్దరూ కొన్నాళ్లు రొట్టెముక్కలు తిని నెట్టుకొచ్చి, చివరికి సామాను సర్దుకుని నగరానికి పోయారు. పోయే రోజు ఆ అమ్మాయి రోడ్డు మీద టేపాయనకి ఎదురుపడి, "మేమేం తప్పు చేశాం బాబాయ్?" అని అడిగింది. ఆయన, రూలు నేను పెట్టింది కాదమ్మా అనబోయి, ఆ మాట తనకే నచ్చక ఊరుకున్నాడు.

ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, టేపాయన ఇంట్లో కూడా రెండు పొయ్యిలున్నాయి.

పదకొండేళ్ల కిందట ఆయన అన్నగారు పోయారు. వదినకి పిల్లల్లేరు. తమ్ముడే వెళ్లి తీసుకొచ్చి ఇంట్లో పెట్టుకున్నాడు. వదినా మంచిదే, ఆయన భార్యా మంచిదే. ఇద్దరినీ ఒకే వంటింట్లో పెట్టడమే మంచిది కాలేదు. చిన్నకోడలు కడిగి బోర్లించిన గిన్నెల్ని పెద్దకోడలు తీసి మళ్లీ కడిగేది. మొదటి వారం చిన్నకోడలు చూసీ చూడనట్టు ఊరుకుంది. రెండో వారం, "అక్కా, నా చేతులకేమైనా మట్టంటుకుందా?" అంది. "జిడ్డు పోలేదమ్మాయ్," అంది పెద్దావిడ. అంతే, మూడో వారానికి వెనక గదిలో రెండో పొయ్యి వెలిసింది. ఆ రోజు వదిన కచ్చితంగా చెప్పింది: "అబ్బాయ్, నా పొయ్యి ఉన్నన్నాళ్లే నేనిక్కడ ఉంటాను. ఇంకొకరి పొయ్యి మీద బతకడం నావల్ల కాదు."

అప్పట్నుంచి తోడికోడళ్లిద్దరికీ మాటల్లేవు. ఒకే పెరట్లో బట్టలారేస్తారు, ఒకే కుళాయి దగ్గర నీళ్లు పడతారు, మొహాలు మాత్రం చెరో దిక్కు. ఏదన్నా చెప్పుకోవాలంటే మధ్యలో టేపాయనే. "ఏమండీ, పెరట్లో తీగ తెగిందని మీ వదినకి చెప్పండి" అని ఇటు. "అబ్బాయ్, తీగ తెగి రెండ్రోజులైందని మీ ఆవిడకి చెప్పు" అని అటు. భోజనం సంగతి ఇంకా అన్యాయం. ముందింట్లో తిని లేచేసరికి వెనకింట్లో కంచం పెట్టి ఉండేది. ఒకచోట తినకపోతే ఒకరికి కోపం. రెండు చోట్లా తిని తిని ఆయనకి పొట్ట వచ్చింది, టేపు తగిలించే బెల్టుకి రెండు కొత్త రంధ్రాలు వేయించాల్సొచ్చింది. తన ఇంటి కిటికీ చెక్క మీద మాత్రం ఆయన ఏనాడూ వేలు పెట్టలేదు.

గుర్రాలాయన ఊరుకునే రకం కాదు. టౌన్‌షిప్ కమిటీ మీటింగులో లేచి, "ఇళ్లన్నీ ఒకసారి వరసగా చూడండి. పాత ఇళ్లతో సహా. కొలిచేవాళ్ల ఇళ్లతో సహా," అన్నాడు. ఆయనకి టేపాయన ఇంటి సంగతి తెలిసి అన్నాడో, ఉక్రోషం కొద్దీ అన్నాడో చెప్పలేం. తీర్మానం మాత్రం అయింది. మీటింగయ్యాక కమిటీ ప్రెసిడెంటుగారు టేపాయన భుజం మీద చెయ్యేసి, "మీ ఇల్లు చూడటానికి బయటివాళ్లెందుకండీ? మీ ఫారం మీరే నింపి ఇచ్చెయ్యండి. మిమ్మల్ని నమ్మకపోతే ఇంకెవర్ని నమ్ముతాం?" అన్నారు. ఆ మాట కంటే చెంపదెబ్బ కొట్టినా బాగుండేదనిపించింది టేపాయనకి.

మిగతా ఇళ్లన్నీ చూడటానికి ఏడు వారాలు పట్టింది. తన ఫారం అట్టడుగున పెట్టుకుంటూ వచ్చాడు. చివరికి ఒక మధ్యాహ్నం బల్ల మీద ఆ ఒక్కటే మిగిలింది. గోడ ఎత్తు రాశాడు, కంచె దూరం రాశాడు. పొయ్యిలు ఎన్ని అన్న గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. ఒకటి అని రాస్తే అడిగే నాథుడు లేడు. రెండు అని రాస్తే నెల రోజుల్లో ఒక పొయ్యి తీసేయాలి, లేకపోతే వెనక గదికి తాళం వేస్తారు. పొయ్యి తీస్తే వదిన ఉండదు. డెబ్బయ్యేళ్ల మనిషి, ఎక్కడికి పోతుంది? గంటసేపు అలాగే కూర్చున్నాడు. ఒకటి అని రాయడానికి రెండుసార్లు పెన్ను ఆనించాడు కూడా. రెండుసార్లూ గుర్రాల పనివాడి భార్య మొహమే ఎదురొచ్చింది. రెండు అని రాసి, సంతకం పెట్టి, మళ్లీ చూడకుండా గుమాస్తా చేతికిచ్చేశాడు.

ఇంటికొచ్చి పెరట్లో నిలబడ్డాడు. ఇద్దరికీ వినపడేలా ఒక్కసారే చెప్పాడు. వదిన అంతా విని, "నువ్వు చేసింది సరే, అబ్బాయ్. నేను నగరంలో ఎక్కడో ఒక గది చూసుకుంటాలే," అని లోపలికెళ్లింది. కాసేపటికి ట్రంకుపెట్టె లాగిన చప్పుడైంది. భార్య కూరలు తరుగుతూ తరుగుతూ కత్తి పక్కన పెట్టి, చాలాసేపు గోడ వంక చూస్తూ కూర్చుంది. ఆయనకి ఆమె మీద కోపమొచ్చింది. ఉండమని ఒక్క మాట అంటే దీని సొమ్మేం పోతుందని లోలోపల తిట్టుకున్నాడు.

రెండ్రోజుల తర్వాత పదకొండు గంటలప్పుడు ఆఫీసుకి గ్యాస్ మెకానిక్ ఫోన్ చేశాడు. "పొయ్యి తీసేశానండి. పైపుకి మూత బిగించాను. మీరొచ్చి చూసి కాగితం మీద రాసుకోవాలి కదా," అన్నాడు. టేపాయన ఎవరు పిలిచారని కూడా అడగలేదు. వదిన వెళ్లిపోయి ఉంటుందనుకుంటూ పరుగులాంటి నడకతో ఇంటికొచ్చాడు.

వెనక గదిలో పొయ్యి ఉన్నచోటే ఉంది. ముందింట్లో, ముప్ఫయ్యేళ్లుగా తన భార్య వండిన వంటింట్లో, పొయ్యి ఉండాల్సిన చోట ఖాళీగా ఉంది. ఆమె ఒంగి గిన్నెలన్నీ ఒకదాంట్లో ఒకటి పేరుస్తోంది.

"నీది తీయించావేమే?" అన్నాడు.

"ఏది తీయాలో మీ కాగితంలో రాసుందా?"

"లేదు."

"మరి అడుగుతారేం? ఆ మెకానిక్కే ఇచ్చేశా దాన్ని, మళ్లీ పెట్టమనడానికి లేకుండా," అని గిన్నెల దొంతర చంకనెత్తుకుని, పెరడు దాటి వెనక గది గుమ్మం దగ్గర ఆగింది. పదకొండేళ్లలో ఆ గుమ్మం ఎక్కలేదు. లోపల వదిన పెట్టెకి తాడు కడుతోంది. తలెత్తి చూసింది.

"నేను సాయంత్రం బస్సుకి వెళ్తున్నానమ్మాయ్," అంది.

"వెళ్తే వెళ్లు గానీ అక్కా, నువ్వెళ్తే ఈ ఇంట్లో పొయ్యే లేదు. ఆయనకీ నాకూ తిండెవరు పెడతారో అది చెప్పి వెళ్లు."

వదిన చేతిలో తాడు అలాగే ఉండిపోయింది. ఆవిడ కళ్లు గిన్నెల మీద నుంచి చిన్నకోడలి మొహం మీదికి, అక్కణ్ణుంచి పెరటికి అవతల ఖాళీ వంటింటి మీదికి పోయాయి. కొంచెంసేపటికి లేచి, పెట్టెని కాలితో పక్కకి నెట్టి దారిచ్చింది.

ఆ రోజు ఆ ఇంట్లో భోజనం మూడు దాటాక గానీ అవలేదు. టేపాయన పెరట్లో అరుగు మీద కూర్చుని ఆకలితో ఎదురుచూశాడు. లోపల అరగంట గడవకముందే మొదలైంది. ఉల్లిపాయ ఇంత లావుగా తరుగుతారా అని ఒకరు, మంట అంత పెద్దది పెడితే మాడదా అని ఇంకొకరు. గొంతులు పెరిగాయి. ఇద్దరూ తగ్గలేదు. అలవాటు కొద్దీ, ఇప్పుడు తనని పిలుస్తారని టేపాయన లేచి నిలబడ్డాడు. ఎవరూ పిలవలేదు. వాళ్ల పోట్లాటలో వాళ్లున్నారు.