పదిహేడో నంబరు సీసాతో శంషాబాద్‌కు

మాలిని ఫోన్ చేసిన రోజు నుంచీ నా బుర్ర తిరుగుతూనే ఉంది. "మేడం, సీసాలు కొరియర్‌లో వద్దు. శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకు నా ఫ్లైట్. ఒంటిగంటన్నరకల్లా శంషాబాద్ ఎయిర్‌పోర్టు బయట మీ చేత్తో ఇవ్వండి. పదిహేడో నంబరు మరీ జాగ్రత్త" అంది. అలా 2011లో ఒక గురువారం సాయంత్రం ఒళ్లో స్టీలు డబ్బా పెట్టుకుని విశాఖలో రైలెక్కాను.

ఎదుటి బెర్తు పెద్దాయన కాసేపు తెరిచిన డబ్బాలోని చిన్న సీసాల వంక చూసి ఆగలేక అడిగేశారు.

"హోమియో మందులా అమ్మా?"

"కాదండీ, చేపల చెవి రాళ్లు."

"చేపలకు చెవులా! ఎక్కణ్ణుంచి తీశారు?"

"సీ లయన్ల పెంటలోంచి."

ఆయన తన పులిహోర పొట్లాన్ని మెల్లగా అవతలికి జరుపుకున్నారు. తప్పు ఆయనది కాదు. పాతికేళ్లుగా ఫిషరీస్ కాలేజీలో పాఠాలు చెబుతున్నా, ఈ పని గురించి భోజనం ముందు చెప్పకూడదని నాకింకా ఒంటబట్టలేదు.

సంగతి ఇది. మాలిని నా పాత విద్యార్థిని. ఎక్కడో దక్షిణాన చలి సముద్రంలో ఒక దీవిలో సీల్స్, సీ లయన్స్ అనే సముద్ర జంతువులు ఏం తింటున్నాయో తెలుసుకోవడం ఆమె పని. వాటి కడుపు కోసి చూడలేం కదా. ఒడ్డున అవి వదిలిన పెంట ఏరుకొచ్చి జల్లెడలో కడిగితే, అరగకుండా మిగిలిన చేప చెవి రాళ్లు దొరుకుతాయి. ఒక్కో కుప్పకు ఒక సీసా, మూత మీద ఒక నంబరు. కడిగి సీసాల్లో వేసేది అక్కడి పనివాళ్లు. మా ఇంట్లో కూర్చుని మూతలు తీసి, రాయి ఆకారాన్ని బట్టి ఏ చేపో చెప్పేది నేను. రెండు నెలల్లో నలభై సీసాలు చూశాను. ముప్పై తొమ్మిదింటితో ఏ పేచీ లేదు.

పదిహేడో సీసాలో మాత్రం మూడు గొరక చేప రాళ్లున్నాయి. గొరక మా విశాఖ హార్బర్‌లో బుట్టలకొద్దీ దిగే చేప. చలి సముద్రంలో దాని జాడే లేదు. పొరపాటున కలిశాయేమో అనుకుందామంటే, మూడింటి అంచులూ కడుపులో పులుపుకు అరిగినట్టు మొద్దుబారి ఉన్నాయి. పచ్చి తలలోంచి తీసిన రాయి అంచు పదునుగా ఉంటుంది. మరి ఇవి ఎవరి కడుపులోంచి వచ్చినట్టు? నాకు అంతు చిక్కలేదు. మాలినికి చెబితే ఎగిరి గంతేసింది. మన ఓడల వంటవాళ్లు పారేసిన చేప తలకాయల్ని సీ లయన్లు తింటున్నాయన్నమాట, ఇది ఎవరూ చెప్పని సంగతి అంది. ఆ మాట మీదే ఉపన్యాసం తయారుచేసుకుంది, ఈ ప్రయాణం దానికే. అది బాగా కుదిరితే ఇంకో రెండేళ్లు ఆ దీవిలో పని దొరుకుతుంది. లేకపోతే ఇంటికి రావాల్సిందే.

ఉదయం ఏడుంబావుకు సికింద్రాబాద్‌లో దిగి, వెయిటింగ్ రూములో మొహం కడుక్కుని, ఇడ్లీ తిన్నాను. బస్సు మారి శంషాబాద్‌కు టికెట్టు తీసుకున్నాను. పదకొండు దాటాక కండక్టర్ "శంషాబాద్" అని అరిస్తే దిగిపోయాను. చుట్టూ చూస్తే కిరాణా కొట్లు, మేకలు, సైకిల్ షాపు. విమానం కాదు కదా, దాని చప్పుడైనా లేదు.

"ఎయిర్‌పోర్ట్ ఏదండీ?" అని కిటికీలోంచి అడిగాను.

"గది ముందే చెప్పాలె గదమ్మా. శంషాబాద్ అంటే గీ ఊరే. ఎయిర్‌పోర్ట్ ఇంకా లోపలికి పోవాలె" అన్నాడు కండక్టర్. బస్సు కదిలిపోయింది. నా వెనక వచ్చేవాళ్లకు ఇదొక్కటీ చెబుతున్నాను: టికెట్టు తీసుకునేటప్పుడే ఎయిర్‌పోర్ట్ అని నోరు తెరిచి అడగండి.

టైముంది, ఆకలీ ఉంది. రోడ్డు పక్కన రేకుల మెస్సులోకి వెళ్లాను. యజమానురాలు యాదమ్మ, చుట్టుపక్కల ఊరిదే. కొర్రమట్ట పులుసుందంది.

"ఇవాళ్టిదేనా?"

"నిన్నటిది అక్కా. ఒక దినం పులుసుల ఊరితెనే దాని రుచి. తిని చూడు, గప్పుడు చెప్పు."

తల ముక్క నా పళ్లెంలో పడింది. అలవాటు కొద్దీ వేలితో పుర్రె విప్పి రాళ్ల కోసం వెతికాను. పక్క బల్ల దగ్గర తింటున్న కారు డ్రైవరు ఖాజా అన్నం ముద్ద ఆపి చూశాడు.

"ఏం దేవులాడుతున్నరు మేడం? ముక్కుపుడక గిట్ల పడ్డదా?"

అప్పటికే నేను రెండు రాళ్లను నీళ్లలో కడిగి, సంచీలోంచి భూతద్దం తీసి చూస్తున్నాను. అంచులు మొద్దుబారి ఉన్నాయి, గీతలు మాసిపోయి ఉన్నాయి. అచ్చం పదిహేడో సీసాలో రాళ్లలాగే. సీ లయన్ కడుపులో పులుపు చేసే పనిని ఒక రాత్రిలో చింతపండు చేసి పెట్టింది. నేనెప్పుడూ పచ్చి తలలోంచే రాళ్లు తీస్తాను, వండిన తల జోలికి పోను. మా ఇంట్లో చేపల పులుసు మర్నాడు తినడం నాకు పుట్టుకతో తెలిసిన సంగతి, అయినా తట్టలేదు. చెయ్యి కడుక్కోకుండానే ఎడం చేత్తో ఇంటికి ఫోన్ చేశాను.

"ఏమండీ, నా సీసాల్లో మీరేమైనా రాళ్లు వేశారా?"

"వేశాను కదా!" అన్నారు మా ఆయన సంతోషంగా. "నువ్వు కాకినాడ వెళ్లిన వారం. గొరకలు తెచ్చి పులుసు పెట్టుకున్నాను. రాళ్లు పారేస్తే నువ్వు ఊరుకుంటావా? ఖాళీ సీసా కనిపిస్తే కడిగి అందులో వేశాను. మూత మీద ఏదో నంబరుంది. పనికొచ్చాయా?"

ఫోన్ పెట్టేశాను. ఖాళీ సీసా కూడా మా పనిలో ఒక జవాబే. ఆ కుప్పలో చేప రాళ్లు దొరకలేదని అర్థం.

ఎయిర్‌పోర్టుకు ఖాజా కారే మాట్లాడుకుని కూర్చున్నాక అసలు గుబులు మొదలైంది. ఈ సంగతి నాకూ మా ఆయనకూ తప్ప ఎవరికీ తెలియదు. ఆయనకైతే అది తప్పని కూడా తెలియదు. నేను నోరు మూసుకుంటే మాలినికి రెండేళ్ల పని దొరుకుతుంది. చెబితే రెండు రోజుల్లో ఇవ్వాల్సిన ఉపన్యాసం కుప్పకూలుతుంది. నా మొహం చూసి ఖాజా, "జర నీళ్లు తాగండి మేడం. పరేషాన్ ఎందుకు, ఫ్లైట్ టైమ్‌కు దింపుత" అన్నాడు. ఫ్లైట్ నాది కాదని చెప్పే ఓపిక కూడా లేదు.

ఒంటిగంటా నలభైకి పైఅంతస్తు గేట్ల ముందు దిగాను. టికెట్టు లేని నన్ను లోపలికి రానివ్వరు కాబట్టి మాలినే ట్రాలీ తోసుకుంటూ ఎదురొచ్చింది. "మేడం, పదిహేడు?" అని చెయ్యి చాచింది. మనసు మారకముందే గబగబా చెప్పేశాను. పులుసు, మా ఆయన, ఖాళీ సీసా, అన్నీ. చెబుతుంటే నాకే ఏడుపొచ్చింది.

ఆమె ట్రాలీ అంచు మీద కూర్చుండిపోయింది. నోట్‌బుక్ తీసి పేజీలు తిప్పింది.

"పదిహేడు... పిల్ల పక్కన పడుకున్న బక్క ఆడ సీ లయన్. నాకు బాగా గుర్తు. పిల్లకు పాలిస్తోంది మేడం. చేపలే తినకపోతే మరి ఏం తింటున్నట్టు?"

"తెలీదమ్మా."

"నాకూ తెలీదు" అంది. మూడు రాళ్లనూ నా అరచేతిలో ఒంపేసి, ఖాళీ సీసాకు మూత బిగించి మిగతావాటి పక్కన పెట్టుకుంది. వెళ్లి లైన్లో నిలబడింది.

నాలుగింటికి సిటీకి వెళ్లే బస్సులో ఉండగా ఆమె ఫోన్ వచ్చింది. "చెకింగ్‌లో ఆ సీసా ఎత్తి చూశారు మేడం. ఏముంది ఇందులో అన్నారు. ఏమీ లేదన్నాను. మరి ఎందుకు మోస్తున్నావమ్మా అని అడిగారు. నా ఉపన్యాసం ఆ ప్రశ్నతోనే మొదలుపెడతాను." రెండేళ్ల పని దొరుకుతుందో లేదో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

రాత్రి రైలుకు ఇంకా టైముంది. బుద్వేల్ దాటాక గుప్పిట విప్పి మూడు రాళ్లనూ చూశాను. గొరక రాయి తల మధ్యలో ఉంటుంది, పుర్రె చీలిస్తే తప్ప రాదు. మా ఆయన చేప తల ముట్టరనే ఇన్నాళ్లూ అనుకున్నాను, ఇంటికొచ్చిన తలలన్నీ నా రాళ్లకే పోతాయి. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆయన పళ్లెంలో తల ముక్క నేనెప్పుడూ చూడలేదు. తలకు రెండేసి రాళ్లు, అంటే కనీసం రెండు తలకాయలు, ఇంట్లో ఒక్కరే కూర్చుని.

ఒక సీ లయన్ ఏం తిందో తెలుసుకుందామని ఇంత దూరం వచ్చాను. అది తెలియలేదు. మా ఆయన ఏం తిన్నారో తెలిసింది.